మిర్యాలగూడ మిల్లు సందులో నడిమి గుంజ

అది జరిగింది ఏప్రిల్‌లో ఒక శనివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు. స్థలం మిర్యాలగూడ, కాలువ పక్కన ఒక రైసు మిల్లు. నా డ్యూటీ మాత్రం అంతకు రెండు నెలల ముందే సూర్యాపేటలో మొదలైంది. అక్కడి నుంచి చెబితేనే మీకు తెలుస్తుంది.

సోమవారం ఉదయం ఆరుంబావుకు సూర్యాపేట బస్టాండులో దిగాను. చలి ఇంకా పోలేదు. హైవే మీద లారీలు లైట్లు ఆర్పలేదు. భుజాన ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, టార్చి, కొలత టేపు, మట్టం చూసే నీళ్ళ గొట్టం, మఫ్లర్.

సైన్యంలో నాది పయనీర్ కంపెనీ. తుపాకీ కన్నా గడ్డపార ఎక్కువ పట్టాను. గుంజలు పాతడం, ముళ్ళకంచె లాగడం, దారి మూయడం, దారి తెరవడం. అక్షరాలు ముప్పై దాటాక ఒక హవల్దారు దగ్గర నేర్చుకున్నాను. పింఛను వచ్చాక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరాను. సరిహద్దు గురించి చెప్పమని మీరు అడుగుతారు. అక్కడ చూసినవి చాలావరకు మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.

ఆర్డరు కాంట్రాక్టరు నుంచి నోటిమాటగా వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడు చోట్ల బొలార్డులు పాతించాలి. ఆఖరి చోట వడ్ల సీజను అయ్యేదాకా గేటు కాపలా నాదే. బొలార్డు అంటే బండ్లు రాకుండా దారికి అడ్డంగా పాతే పొట్టి ఇనుప గుంజ. పెద్ద షాపుల ముందు, పార్కింగుల దగ్గర మీరు చూసే ఉంటారు.

జట్టులో ముగ్గురం. వెల్డర్ ఏసురత్నం, కోదాడ మనిషి, నోరు ఊరుకోదు. డ్రైవర్ సైదులు, ట్రాలీ ఆటో అతనిదే, మాట తక్కువ, గుంత తవ్వితే మాత్రం ఆగడు. మూడోవాణ్ణి నేను.

సూర్యాపేటలో మా పని ఒక ప్రైవేటు దవాఖాన ముందు. అత్యవసర విభాగం మెట్ల దాకా బైకులు, ఆటోలు. స్ట్రెచర్ దూరే సందు లేదు. డాక్టరు అద్దంలా మెరిసే స్టీలు గుంజలు కావాలన్నాడు. ఏసురత్నం ఒక ముక్కను వేలితో కొట్టి వినిపించాడు. గలగలమంది.

"ఖాళీ డబ్బ సార్. మొకం సూసుకోనీకి మంచిగుంటది."

డాక్టరు నవ్వాడు. లోపల మందపాటి ఇనుప గొట్టం, పైన మెరిసే తొడుగు అని ఒప్పందం కుదిరింది. పైకి మూడడుగులు, నేలలో రెండడుగులు. అడుగున కంకర, చుట్టూ కాంక్రీటు. గుంజకు గుంజకు నడుమ నాలుగడుగుల సందు. స్ట్రెచర్ పోతుంది, చక్రాల కుర్చీ పోతుంది, ఆటో పోదు.

మొత్తం అయిదు గుంజలు. నడిమిది మాత్రం వేరే రకం. దానికి నేలలో ఇనుప ఒర పాతుతాం. గుంజ ఆ ఒరలో దిగుతుంది, తాళం పడుతుంది. తాళం తీసి ఎత్తితే పైకి వస్తుంది. ఆంబులెన్సు గానీ ఫైరింజను గానీ వస్తే ఆ ఒక్కటి తీయాలి. బండ్లను ఆపడం నాలుగింటి పని. దారి ఇవ్వడం నడిమిదాని పని. ఈ మాట నేను ప్రతి చోటా చెప్పాను. మిర్యాలగూడలో కూడా చెప్పాను.

సూర్యాపేట పని సాఫీగా అయింది. కోదాడలో కాలేదు.

అక్కడిది ఒక ఫంక్షన్ హాలు. యజమాని కొత్తగా పార్కింగులో టైల్స్ వేయించాడు. పగలగొట్టడానికి ఒప్పుకోలేదు. గుంజ కింద పలక పెట్టి బోల్టులు బిగించమన్నాడు. బిగించాం. మొదటి పెళ్ళికే ఒక కారు వెనక్కి వచ్చి తగిలింది. గుంజ బోల్టులతో సహా పడుకుంది. మూడో రోజు నడిమి గుంజ కనపడలేదు. వంటవాళ్ళ బండి కోసం ఎవరో తీసి గోడకు ఆనించారు. అక్కడి నుంచి పాత ఇనుము కొనేవాడి దగ్గరికి పోయినట్టుంది.

"రెండు చేతులతో లాగితే వచ్చేసేది స్తంభం ఎలా అవుద్దండీ?" అన్నాడు హాలు యజమాని.

"తీయనీకే పెట్టిన్రు గదా సార్ దాన్ని," అన్నాడు ఏసురత్నం.

"తీయడానికండీ. తీసుకెళ్ళిపోవడానికి కాదు."

ఈ సంగతి కాంట్రాక్టరుకు చేరింది. ఫోన్లోనే ఆర్డరు మార్చాడు. మిర్యాలగూడలో నడిమి గుంజ లోపల కూడా కాంక్రీటు నింపాలి. ఒక మనిషి ఎత్తుకుపోకూడదు. తాళం పైన కనపడకూడదు. నేలకు ఆనించి, మూత కింద పెట్టాలి. బరువెక్కితే అవసరానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరు దొరక్కపోతే ఎట్లా అని అడిగాను. "మిల్లులో మనుషులకు కొదవా పెద్దాయనా?" అన్నాడు.

మార్చి మొదటి గురువారం పొద్దున ఎనిమిదింటికి మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర దిగాం. ఎండ అప్పుడే ముదిరింది. వడ్ల లారీలు గేటు బయట వరుస కట్టాయి. గాలిలో ఉడికిన వడ్ల వాసన, ఊక దుమ్ము. మిల్లు ప్రహరీ పక్కనే ఒక సందు. సందులో హమాలీల ఇళ్ళు, రెండు వరుసలు, రేకుల కప్పులు. ఇంటి ఇంటి నడుమ తాటాకు వంటపాకలు. ఆ ఇళ్ళను లైన్లు అంటారు. సందు చివర ఇంకో గోడ. గోడ అవతల సాగర్ కాలువ. పోవడానికైనా రావడానికైనా ఒకటే తొవ్వ.

మిల్లు ప్రహరీకి ఇవతల, లోపలి వైపు ఊక కుప్ప. రెండంతస్తుల ఎత్తు. బాయిలర్ బూడిద కూడా దాని పక్కనే పోస్తారు. మొదటి రోజే చేయి పెట్టి చూశాను. పైన చల్లగా ఉంది. మోచేయి దాకా దూరిస్తే వేడి తగిలింది. బాయిలర్ ఆపరేటరుకు చెప్పాను. రోజూ నీళ్ళు చల్లుతున్నామన్నాడు. చల్లేవాడు, నిజమే. పైన మాత్రమే తడిసేది.

గుంజలు ఎందుకో హమాలీల ముఠా మేస్త్రి యాదగిరి చెప్పాడు. అరవై దగ్గర పడ్డవాడు. త్రిపురారం దిక్కు మనిషి. ఛాతీ తలుపంత ఉంటుంది. నిరుడు ఒక లారీ సందులోకి వెనక్కి వచ్చి మలుపుకుంటూ అతని భార్య ముత్తమ్మ కాలు తొక్కింది. మోకాలి కింద తీసేశారు. హమాలీలు పని ఆపారు. అప్పుడు మిల్లు యజమాని సందు మొగదల గుంజలు పాతిస్తానని మాట ఇచ్చాడు.

"ఎంత లోతు పాతుతవ్ మిల్ట్రన్నా?" అని అడిగాడు యాదగిరి.

"మూడడుగులు."

"నాలుగు పాతు. లారీ కాదు, దాని తాత వచ్చినా ఆగాలె."

సైదులుతో కలిసి హమాలీలే తవ్వారు. నాలుగడుగులు తవ్వారు. ఇక్కడా అయిదే. వెడల్పు గొట్టాలు, పసుపు రంగు, మెడకు ఎర్ర రేడియం స్టిక్కర్. నడిమి గుంజ తీస్తే ఎనిమిదిన్నర అడుగుల దారి వస్తుంది. ఫైరింజను అద్దాలు మడుచుకుని దూరవచ్చు. గుంజ బరువు ఒక నిండు వడ్ల బస్తాను మించింది. తాళంచెవులు రెండు. ఒకటి మిల్లు ఆఫీసులో, ఒకటి నా దగ్గర. లైన్ల వాళ్ళందరినీ పిలిచి ఒకసారి తీసి చూపించాను. ముత్తమ్మ కర్రల మీద వచ్చి చూసింది.

"మల్ల తీసుడెందుకు?" అంది.

"నీకు బాగ లేకపోతే ఆంబులెన్సు రావాలి కదమ్మా."

"నా కాలు తిన్న తొవ్వ అది. మూసుకుంటేనే మంచిది."

ఏసురత్నం, సైదులు కోదాడ వెళ్ళిపోయారు. నేను గేటు గదిలో ఉండిపోయాను. మంచం, ఫ్యాను, వాకీటాకీ సెట్టు. సెట్లు మూడు. గేటు, లారీలు తూచే కాటా, బాయిలర్.

కాంక్రీటు ఆరిన వారానికే ఒక లారీ వచ్చింది. వడ్ల లోడు. మధ్యాహ్నం ఒంటిగంట. డ్రైవరు సందు ఎదురుగా ఎత్తు మీద ఆపి టీకి పోయాడు. హ్యాండ్ బ్రేకు జారింది. లారీ వెనక్కి వచ్చింది, చప్పుడు లేకుండా. సందు నీడలో మిల్లు ఊడ్చే ఆడవాళ్ళు ఏడుగురు అన్నం తింటున్నారు. సెట్టులో కాటా మనిషి అరిచాడు.

"గేట్, గేట్, బండి జారుతున్నది, సందు దిక్కు."

నేను పరిగెత్తే లోపు తగిలింది. నడిమి గుంజకే తగిలింది. లారీ వెనక తలుపు వంగింది. గుంజ కదల్లేదు. ఆడవాళ్ళు అన్నం ముద్ద చేతిలోనే ఉండగా లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దది సోమక్క. ఆమె గుంజ దగ్గరికి వచ్చి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో అరచేయి దాని మీద ఆనించింది.

"గుళ్ళె ఉంటదో ఉండదో నాకెర్క లేదు," అంది. "గీడైతె ఉన్నది."

సాయంత్రం తాళం తీసి చూశాను. తాళం తిరిగింది. గుంజ మాత్రం పట్టేసింది. దెబ్బకు ఒర అంచు లోపలికి నొక్కుకుంది. అటూ ఇటూ ఊపి, నేనూ కాటా మనిషీ కలిసి లాగితే కష్టం మీద వచ్చింది. యజమానికి చెప్పాను.

"సీజన్ల పని ఆపి గుంత తవ్వమంటవా? అయినంక చూద్దాం."

మరుసటి శుక్రవారం నడిమి గుంజకు పసుపు, కుంకుమ. తరువాతి శుక్రవారం వేపమండ, దీపం, కొబ్బరికాయ. నూనె కారి మూత మీద పడేది. పసుపు నీళ్ళు తాళం రంధ్రంలోకి దిగేవి. నేను పొద్దున్నే చీపురు పుల్లతో తీసేవాణ్ణి. సోమక్క చూసి కోప్పడింది.

"అన్నా, అమ్మోరి కాళ్ళ కాడ పుల్ల పెట్టి కెలుకుతవా?"

"అది తాళం, సోమక్కా."

"మాకు ఎర్కనే. అమ్మోరికి తాళమెందుకు?"

ఒకసారి ఏసురత్నం ఒర చూసిపోవడానికి వచ్చాడు. గుంజ మీద బంతిపూల దండ చూసి నిలబడిపోయాడు.

"నేను వెల్డింగ్ చేసిన దానికి మీరు దండం పెడుతున్రు. నాకు గూడ ఒక కొబ్బరి ముక్క పెట్టుర్రి."

"నువ్వు చర్చికి పోయెటోనివి, తింటవా?" అంది సోమక్క.

"చర్చికి పోయేది నేను. కొబ్బరి ముక్క కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒర అంచు గ్రైండరుతో కోయాలన్నాడు ఏసురత్నం. కోయాలంటే గుంజను ఒక పూట బయట పెట్టాలి. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. పోతూ నా దగ్గర ఆగాడు.

"పెద్దాయనా, ఇది నాకు మంచిగ కొడ్తలేదు."

నాకూ అట్లాగే ఉంది. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పసుపు పడ్డాక ఏ లారీ డ్రైవరూ సందు వైపు వెనక్కి రాలేదు. దూరంగా ఆపి, చెప్పులు వదిలి, దండం పెట్టి పోయేవాళ్ళు. ఇనుము చేయలేని పని పసుపు చేసింది. మిల్లు యజమాని సంతోషపడ్డాడు. అందుకే ఎవరూ నా మాట వినలేదు.

ఉగాది దాటాక యాదగిరి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"బొడ్రాయి పండుగ చేస్తున్నమన్నా. ఆ గుంజనే బొడ్రాయి."

తెలియనివాళ్ళకు చెబుతాను. మా దిక్కు ఊరు పుట్టినప్పుడు నడుమ ఒక రాయి పాతుతారు. అది ఊరికి బొడ్డు. పాతిన రోజు ఊరి పొలిమేర కట్టేస్తారు. బయటివాళ్ళు రాకూడదు, లోపలివాళ్ళు పోకూడదు. ఒకసారి పాతాక దాన్ని పెకలించరాదు, పడుకోబెట్టరాదు. పెకలిస్తే ఊరు పోతుందని నమ్మకం.

"అది రాయి కాదు. తీయడానికి పెట్టిన గుంజ," అన్నాను.

"మేము ముప్పై ఏండ్ల సంది గీ లైన్లల్ల ఉన్నం. ఎవ్వడన్న ఏ ఊరు అంటే మిల్లు అని చెప్పాలె. ఊరు లేనోళ్ళకు బొడ్రాయి ఎవడు పాతుతడు? అదే వచ్చి నిలవడ్డది. ఏడుగురిని కాపాడింది."

"అగ్గి పుడితే? ఫైరింజను ఎట్లా వస్తుంది?"

"ఆ తల్లి ఉండంగ అగ్గెట్ల వస్తదన్నా?"

"ముత్తమ్మకు ప్రాణం మీదికి వస్తే?"

"ఎత్తుకొస్త. బస్తకన్న బరువా?"

సైన్యంలో గడ్డపార పట్టుకుని చాలామందిని ఎదిరించాను. ఊరు కావాలని అడిగే మనిషిని ఎట్లా ఎదిరించాలో ఎవరూ నేర్పలేదు. కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. పని అప్పజెప్పాం, ఇక మనది కాదన్నాడు. యజమాని దగ్గరికి పోయాను.

"దేవుని జోలి మనకెందుకు పెద్దాయనా," అని సిమెంటు బస్తాలు ఇప్పించాడు. గద్దె కట్టడానికి.

ఆదివారం పొద్దున్నే సందు మూశారు. నన్ను కూడా రానివ్వలేదు. గేటు దగ్గర నిలబడి చూశాను. ఒర సందులో నవధాన్యాలు పోశారు. పొలి, అంటే బలి అన్నం, చల్లారు. డప్పు మోగింది. పది గంటలకల్లా నడిమి గుంజ చుట్టూ మోకాలెత్తు గద్దె లేచింది. మూత, తాళం అన్నీ దాని కింద. నా జేబులో తాళంచెవి ఉంది. అది పెట్టే చోటు లేదు.

ముత్తమ్మ ఆ రోజు కొత్త చీర కట్టుకుంది. ఆఖరి ఇంటి అరుగు మీద కూర్చుని డప్పుకు చేతులు కొట్టింది. నాకు బెల్లమన్నం పంపింది. తిన్నాను.

ఆ తరువాత ఎండలు ముదిరాయి. ఊక కుప్ప నుంచి పొద్దున పూట సన్నని పొగ లేచేది. తెల్లది. ఎండ ఎక్కితే కనపడేది కాదు. వాసన మాత్రం ఉండేది, మాడిన అన్నం వాసన. లైన్లవాళ్ళు దానికి అలవాటు పడ్డారు. నేను పడలేదు. రోజూ సెట్టులో అడిగేవాణ్ణి.

"బాయిలర్, గేట్. కుప్ప ఎట్లున్నది?"

"మంచిగున్నది మిల్ట్రీ. నువ్వు పండుకో."

శనివారం. పన్నెండింటికి పడమటి గాలి మొదలైంది. వేడి గాలి. గేటు రేకులు కొట్టుకుంటున్నాయి. రెండు గంటల పదికి సెట్టు పలికింది.

"గేట్, గేట్, బాయిలర్. ఊక లేసింది."

"ఎటు?"

"గోడవతల. లైన్ల దిక్కు."

కుప్ప పైపొర విరిగి, లోపలి నిప్పు గాలికి లేచింది. నిప్పు రవ్వలు గోడ దాటి తాటాకు పాకల మీద పడ్డాయి. ఫైర్ స్టేషనుకు ఫోన్ చేశాను. అప్పటికే మూడు పాకలు అంటుకున్నాయి. ఇళ్ళలో ఉన్నవాళ్ళు బయటికి పరిగెత్తారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు చాలావరకు మిల్లు లోపల పనిలో ఉన్నారు. ముత్తమ్మ ఆఖరి ఇంట్లో ఉంది. ఆమె కోసం ఇద్దరు లోపలికి పోబోయారు. నడుమ పాకలు రెండు వైపులా మండుతున్నాయి. వెనక్కి వచ్చారు.

రెండూ ఇరవై అయిదుకు ఫైరింజను వచ్చింది. గద్దె ముందు ఆగింది. డ్రైవరు దిగి చూశాడు. పసుపు, కుంకుమ, దండలు, నిమ్మకాయలు.

"ఇది తియ్యుర్రి."

ఎవరూ కదల్లేదు. ఫైర్‌వాళ్ళు పైపు పరిచి సందులోకి పరిగెత్తారు. పైపు సగం ఇళ్ళ దాకా పోయి అయిపోయింది. నీళ్ళు అంతవరకే పడుతున్నాయి. బండి లోపలికి రాకపోతే ఆఖరి వరుస అందదు.

నేను గడ్డపార తెచ్చాను. సోమక్క దాని మొన పట్టుకుంది. ఆమె వెనక ఇంకా పదిమంది.

"వద్దన్నా. ఇది పెకిలిస్తే ఊరు పోతది."

"ఊరు కాలుతున్నది, సోమక్కా."

"కాలింది మల్ల కట్టుకుంటం. పెకిలించింది మల్ల రాదు."

ఆమె ఏడవడం లేదు. మొండితనం కూడా కాదు. నిజంగా నమ్మింది. మొనను వదలలేదు. అప్పుడు యాదగిరి మిల్లు లోపలి నుంచి వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు. నడుముకు తువ్వాలు, చేతిలో బస్తాల కొక్కెం. పొగను చూశాడు. ఫైరింజనును చూశాడు. గద్దెను చూశాడు. కొక్కెం కింద పడేసి నా చేతిలో గడ్డపార అందుకున్నాడు.

"సోమా, ఇడువు."

"అన్నా, నువ్వే పాతితివి."

"నేనే పాతిన. ఇడువు."

ఆమె వదిలింది. అతను మూడు దెబ్బల్లో గద్దె పగలగొట్టాడు. మూత కింద పసుపు ముద్ద గట్టిపడి రాయిలా ఉంది. తాళంచెవి దూరింది, తిరగలేదు. నేను ఉలి పెట్టి సుత్తితో తాళం నాలుకను విరగ్గొట్టాను. అది విరిగింది. గుంజ మాత్రం రాలేదు. ఒర అంచు పట్టేసింది. ఇద్దరు కుర్రాళ్ళను చెయ్యి వేయమన్నాను. వాళ్ళు చేతులు వెనక పెట్టుకున్నారు.

యాదగిరి వంగి గుంజను కౌగిలించుకున్నాడు. బస్తాను ఛాతీకి హత్తుకున్నట్టే. అటు ఊపాడు, ఇటు ఊపాడు. మెడ నరాలు లేచాయి. ఇనుము కీచుమంది. ఒక్కసారి పైకి వచ్చింది. ఒరలో పోసిన ధాన్యం మొలకెత్తి ఉంది. తెల్లటి మొలకలు గుంజ అడుగుకు అంటుకుని వచ్చాయి. జనంలోంచి ఒక మూలుగు లేచింది.

"కింద పెట్టకు," అన్నారు ఎవరో. "పండవెట్టొద్దు."

అతను పెట్టలేదు. పక్కకు జరిగి గోడకు వీపు ఆనించి, గుంజ అడుగును తన పాదాల మీద మోపి, నిలువుగా ఛాతీకి పట్టుకుని నిలబడ్డాడు. ఫైరింజను అద్దాలు మడుచుకుని సందులోకి దూరింది. నేను అతని వైపు చూశాను. ముత్తమ్మ దగ్గరికి పోవాల్సింది అతను. రెండు చేతులూ ఖాళీ లేవు.

"నువ్వు పో అన్నా," అన్నాడు. "నా చేతుల ఇదున్నది."

మఫ్లర్ తడిపి మూతికి కట్టుకుని ఫైర్‌మన్ వెనక పోయాను. నీళ్ళు ముందు, మేము వెనక. రేకులు వేడికి పేలుతున్నాయి. ముత్తమ్మ ఇంట్లో లేదు. ఇంటి వెనక, ప్రహరీకి ఇంటికి నడుమ బట్టలు ఉతికే బండ మీద బోర్లా పడి ఉంది. పాకుతూ అక్కడి దాకా వచ్చింది. గోడ ఎక్కలేకపోయింది. ఒళ్ళు పెద్దగా కాలలేదు. పొగ మింగింది. ఊపిరి ఉంది. గోనెపట్టా మీద పడుకోబెట్టి ఇద్దరం మోసుకొచ్చాం.

సందు మొగదలకు వచ్చేసరికి రెండూ యాభై అయిదు. యాదగిరి అక్కడే అట్లాగే ఉన్నాడు.

"ఉన్నదా?" అని అడిగాడు.

"ఉంది."

తల ఊపాడు. పట్టాను చూడలేదు. గుంజ అంచు గడ్డం కింద ఒత్తుకుంటోంది. మేము అతని ముందు నుంచే ఆంబులెన్సు దాకా పోయాం.

నాలుగు గంటలకు మంటలు ఆరాయి. పద్నాలుగు ఇళ్ళు పోయాయి. అప్పుడు నలుగురు మగవాళ్ళు తలలకు నీళ్ళు పోసుకుని తడి బట్టలతో వచ్చి యాదగిరి చేతుల్లోంచి గుంజను అందుకుని ఒరలో దించారు. అతని చేతులు వెంటనే కిందికి దిగలేదు. కాసేపు అట్లా వంకర తిరిగే ఉన్నాయి.

ముత్తమ్మ మూడో రోజు దవాఖానలో పోయింది.

లైన్లవాళ్ళు చెప్పేది ఒకటే. బొడ్రాయిని పెకలించినందుకు పోయింది. నేను చెప్పేది ఒకటే. పావుగంట ముందు పెకలించి ఉంటే బతికేది. యాదగిరి ఏమనుకుంటాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చావు దగ్గర అతని పక్కన కూర్చుంటే నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు.

యజమాని నన్ను పిలిపించాడు. తాళం శుభ్రంగా ఉంచడం గేటు కాపలావాడి పని కదా అన్నాడు.

"సిమెంటు ఇచ్చింది నువ్వు సార్," అన్నాను.

సాయంత్రానికి ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, డ్యూటీ అయిపోయిందని. సంచి సర్దుకున్నాను. తాళంచెవి ఆఫీసు బల్ల మీద పెట్టాను. మరునాడు పొద్దున మిర్యాలగూడ నుంచి కోదాడ బస్సు, అక్కడి నుంచి ఆటోలో అనంతగిరి. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మా ఆవిడ అన్నం పెట్టింది. బట్టల్లో పొగ వాసన ఏమిటని అడిగింది. చెప్పాను. విని, లేచిపోయి మంచినీళ్ళు తెచ్చింది.

అయిదు గుంజలు ఇప్పటికీ ఉన్నాయి. గద్దె మళ్ళీ కట్టారో లేదో తెలియదు. అటు పోలేదు.

కళ్ళు మూస్తే మంట కనపడదు నాకు. ఒక మనిషి కనపడతాడు. గోడకు వీపు ఆనించి నిలబడి ఉంటాడు. ఛాతీ అంతా పసుపు, దాని మీద చెమట కాలువలు. చేతుల్లో నిలువుగా గుంజ. ఫైరింజను నీళ్ళు నల్లగా అతని పాదాల చుట్టూ పారుతున్నాయి. పైనుంచి బూడిద రాలుతోంది. సోమక్క పక్కన నిలబడి, మడమలెత్తి, తన కొంగును గుంజ తల మీద గొడుగులా పట్టింది. అతని తల మీద పట్టలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: ముఠా మేస్త్రి యాదగిరి. సోమక్క. కాటా మనిషి వెంకన్న. బాయిలర్ ఆపరేటరు జానయ్య. చేతులు వెనక పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, నరేశ్, శివ. గుంజను తిరిగి దించిన నలుగురు, లింగయ్య, ముత్యాలు, పెద్ద సైదులు, కోటయ్య. ఫైరింజను డ్రైవరు, అతని ముగ్గురు మనుషులు, వాళ్ళ పేర్లు అడగలేకపోయాను. మిల్లు ఆఫీసు కిటికీ దగ్గర యజమాని. గేటు కాపలా, నేను, పయనీర్ రామచంద్రయ్య. ఆఖరి ఇంట్లో ముత్తమ్మ.